మన్రో దొర పుట్టిన ఊళ్లో మా చెల్లెలు

మాది కర్నూలు జిల్లా పత్తికొండ. మా చెల్లెలు నిరుడు సెప్టెంబరులో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చదవడానికి స్కాట్లాండులోని గ్లాస్గోకు వెళ్లింది. ఎనిమిది నెలలుగా అమ్మకు ఫోన్లో కనిపించే ముఖమే మిగిలింది. "పాప యాడ పండుకుంటాది, ఏం తింటాది, ఒక్కసారి కండ్లారా సూస్తే సాలు" అని పొద్దున లేస్తే అదే మాట. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను కాబట్టి మేలో సెలవులు. శాఖ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, హైదరాబాదుకు పోయి అందరం వేలిముద్రలిచ్చి వచ్చాం. వీసా వచ్చేదాకా టెన్షనే. నాయన మాత్రం రానన్నాడు. బర్రెలను ఎవరికో అప్పజెప్పి ఊరు దాటే మనిషి కాదు. చివరికి అమ్మ, నేను, నా భార్య, ఏడేళ్ల మా చిన్నోడు, నలుగురం బయల్దేరాం.

వెళ్లాలనుకోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలోనే, 1761లో. పద్దెనిమిదేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. 1800 నుంచి 1807 దాకా, నిజాం కంపెనీకి అప్పగించిన మా దత్త మండలాలకు కలెక్టరుగా చేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి వదిలి ఇంటికి పోయే ముందు ఈ సీమను కడసారి చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న కలరా తగిలి మా పత్తికొండలోనే చనిపోయాడు. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే ఇది. ఆయన చదువుకున్న యూనివర్సిటీకి మా ఇంటి ఆడపిల్ల పోతుందని ఏనాడూ అనుకోలేదు.

ప్రయాణం

సామాను సర్దడమే పెద్ద పని అయింది. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ఆ దేశంలోకి తీసుకుపోకూడదు. ఇంట్లో కాచిన నెయ్యి డబ్బా, పాలకోవా నేను పక్కన పెట్టేస్తే అమ్మ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. దానికి బదులు పుట్నాల పొడి, చెనిక్కాయల పొడి, నువ్వుల ఉండలు, రెండు కిలోల కందిపప్పు, ఉగ్గాణికి ఒక పెద్ద మూట బొరుగులు పెట్టింది. "బరువుండవు గదరా" అంది. నిజమే, బరువు లేవు కానీ సగం సూట్‌కేసు వాటికే సరిపోయింది.

హైదరాబాదు నుంచి దుబాయ్, అక్కడ మారి గ్లాస్గో. గ్లాస్గోలో దిగాక బెల్టు మీద మూడు పెట్టెలు వచ్చాయి, నాలుగోది రాలేదు. బొరుగులు, కందిపప్పు, అమ్మ చీరలు అన్నీ అందులోనే. కౌంటర్లో ఫారం నింపి, ట్యాగు నంబరు రాయించుకుని బయటికి వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటా చెల్లెలు గాజు తలుపు అవతల నిలబడి ఉంది. తలుపు తెరుచుకోగానే అమ్మ ముందు దాని చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఆ తర్వాతే ముఖం చూసింది. ఎందుకలా చూసిందో నాకు మూడు రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు.

మొదటి రోజు

పత్తికొండలో నలభై దాటిన ఎండ నుంచి వచ్చినవాళ్లం. ఇక్కడ పన్నెండు డిగ్రీలు, పైన సన్నటి తుంపర. చెల్లెలి స్వెట్టరు అమ్మ చీర మీద వేసుకుంది. వారం రోజులకు మేం తీసుకున్న చిన్న ఫ్లాటు చెల్లెలుండే చోటికి పది నిమిషాల నడక. సామాను పడేసి నేరుగా దాని గదికి పోయాం.

గదంటే ఒక మంచం, ఒక బల్ల, కిటికీ. కిటికీలో నుంచి చూస్తే ఎర్ర ఇసుకరాతి ఇళ్ల వరస, పొగగొట్టాలు. వంటగది ఐదుగురికి ఒకటే. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి ఒక అర. చెల్లెలి అర మీద దాని పేరు రాసిన చీటీ అంటించి ఉంది. అమ్మ ఆ తలుపు తెరిచి చాలాసేపు చూసింది. సగం కోసి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఉల్లిపాయ, పెరుగు డబ్బా, ఆరు గుడ్లు, సెప్టెంబరులో మేం పంపిన ఆవకాయ సీసా. సీసాలో ముక్క ఒక్కటీ లేదు. అడుగున రెండు వేళ్ల మందం ఎర్ర నూనె మాత్రం దాచిపెట్టుకుంది. "అన్నంలో ఒక్క చుక్క వేసుకుంటే చాలమ్మా, అందుకే పారేయలేదు" అంది చెల్లెలు. అమ్మ ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసింది.

ఆ మంచం అంచున కూర్చుని ఉంటే నాకు మన్రో ఉత్తరం గుర్తుకొచ్చింది. 1789లో మద్రాసు నుంచి గ్లాస్గోలో ఉన్న తన చెల్లెలికి రాసింది. నువ్వు కొన్ని గంటలైనా నా గదిలోకి వచ్చి చూస్తే, ఇక్కడేదో భోగం అనుభవిస్తున్నాననే నీ భ్రమ పోతుందని రాస్తాడు. వచ్చిన మూడేళ్లదాకా పుస్తకమో తూటాల సంచో తప్ప తలగడ లేదట. నాలుగు కర్రల మీద పరిచిన గుడ్డే మంచమట. ఆ చెల్లెలు అన్న గదిని ఎన్నడూ చూడలేదు. నేను మాత్రం మా చెల్లెలి గదిలో కూర్చుని ఉన్నాను. ఫారిన్‌లో చదువుతున్న పిల్ల అంటే మా వీధిలో అందరూ ఏదేదో ఊహించుకుంటారు. ఆ నూనె సీసా సంగతి వాళ్లెవరికీ తెలియదు.

రాత్రి తొమ్మిదైనా వెలుగు పోలేదు. సందెదీపం ఎప్పుడు పెట్టాలో అమ్మకు తెలియలేదు. మే నెలలో ఇక్కడ సూర్యుడు తొమ్మిదిన్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. అప్పటిదాకా దీపం కుంది ముందు పెట్టుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. చిన్నోడు ఆమె ఒళ్లో నిద్రపోయాడు.

రెండో రోజు

యూనివర్సిటీ 1451లో మొదలైంది. గుట్ట మీద ఆకాశంలోకి లేచిన గోపురం ఊళ్లో ఎక్కణ్నుంచి చూసినా కనిపిస్తుంది. కింద పారే ఏరు పేరు కెల్విన్. ఫిజిక్సులో మనం నేర్చుకున్న కెల్విన్ అనే ఉష్ణోగ్రత కొలమానం పేరు ఆ ఏటి నుంచి వచ్చిందే. యాభైకి పైగా ఏళ్లు ఇక్కడ ప్రొఫెసరుగా చేసిన విలియం థామ్సన్‌కు లార్డ్ బిరుదు ఇచ్చినప్పుడు ఈ ఏటి పేరే పెట్టుకున్నాడు.

అయితే మన్రో చదివింది ఈ గుట్ట మీద కాదు. అప్పటి కాలేజీ ఊరి పాతభాగంలో, హై స్ట్రీట్‌లో ఉండేది. 1870లో యూనివర్సిటీ ఇక్కడికి మారింది. పాత భవనాలను రైల్వే వాళ్లకు అమ్మేశారు. మారేటప్పుడు ఒక రాతి మెట్లదారిని మాత్రం విప్పి తెచ్చి ప్రార్థనాలయం పక్కన మళ్లీ కట్టారు. 1690 నాటిది. గోడకు ఒకవైపు సింహం, ఇంకోవైపు ఒంటికొమ్ము గుర్రం. ఈ సంగతి చెల్లెలే కనుక్కుని నాకోసం దాచిపెట్టింది. "అన్నా, మీ దొర ఎక్కిన మెట్లు ఇవే అయ్యుంటాయి" అంది.

నేను ఆ రాళ్లను చూస్తూ నిలబడిపోయాను. అమ్మకు మన్రో వేరే విధంగా తెలుసు. మంత్రాలయం మఠం మాన్యం విషయంలో విచారణకు పోయినప్పుడు రాఘవేంద్రస్వామి ఆయన ఒక్కడికే కనబడి మాట్లాడాడని మా వైపు చెబుతారు. తిరుమలలో నైవేద్యానికి వాడే మన్రో గంగాళం మాట కూడా అందరికీ తెలిసిందే. "స్వామిని సూసిన మనిషి తిరిగిన సోటా ఇది" అని అమ్మ కింది మెట్టును వేళ్లతో తాకి కళ్లకు అద్దుకుంది. పక్కనే మెట్ల మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్న ఒక కుర్రాడు మర్యాదగా లేచి జరిగాడు.

మన్రోను దేవుణ్ని చేయడం నాకు నచ్చదు. ఆయన వేసిన శిస్తు రైతుకు బరువైంది. నాలుగోవంతు తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేశాడంటే ఎంత బరువో అర్థమవుతుంది. పాలెగాళ్లను అణిచిన చేయి కూడా ఆయనదే. కానీ రైతు పేరు మీద నేరుగా పట్టా అనే మాట మా సీమలో నిలబెట్టిందీ, గుర్రం మీద ఊరూరూ తిరిగి రైతులతో మాట్లాడిందీ ఆయనే. రెండూ చెప్పాలి పిల్లలకు.

సాయంత్రం చిన్నోడి కోసం సబ్‌వే ఎక్కాం. 1896లో మొదలైన భూగర్భ రైలు. ఊరి కింద గుండ్రంగా తిరుగుతుంది, పదిహేను స్టేషన్లు. ఒకసారి ఎక్కితే మళ్లీ ఎక్కినచోటికే వస్తుందని తెలిసి వాడు రెండు చుట్లు తిరిగేదాకా దిగలేదు.

మూడో రోజు

పొద్దంతా వాన. హై స్ట్రీట్‌కు పోయి పాత కాలేజీ ఉన్న చోటు చూశాను, చూడ్డానికి పాతదేమీ మిగల్లేదు. కెథెడ్రల్, దాని వెనక గుట్టంతా పరుచుకున్న నెక్రోపోలిస్ అనే శ్మశానం చూసి తిరిగొచ్చాం. దారిలో వెల్లింగ్‌టన్ డ్యూక్ గుర్రపు విగ్రహం. నెత్తిన ఆరెంజ్ రంగు ట్రాఫిక్ కోను పెట్టి ఉంది. తీసేసినా జనం మళ్లీ పెడుతూనే ఉంటారట. చిన్నోడికి అది పండగ. ఈయనే ఆర్థర్ వెల్లెస్లీ, 1799లో శ్రీరంగపట్నం మీద టిప్పుతో యుద్ధం చేసినవాడు. ఆ యుద్ధం అయ్యాకే మా సీమలో కొంత భాగం నిజాం చేతికి వచ్చింది, మరుసటి ఏడు మా దత్త మండలాలు నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి పోయాయి. ఎక్కడో ఉన్న ఊళ్లో ఒక చౌరస్తాలో నిలబడితే మా జిల్లా చరిత్ర ఎదురుపడుతోంది.

సాయంత్రానికి సూట్‌కేసు వచ్చింది. ఒక చక్రం విరిగింది కానీ బొరుగులకేమీ కాలేదు. వెంటనే అమ్మ కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. కుక్కరు లేదు, మామూలు గిన్నె. మా ఇంట్లో అయితే బోరు నీళ్లకు పప్పు ఒక పట్టాన ఉడకదు, తాగడానికీ వంటకీ క్యాను నీళ్లు కొంటాం. ఇక్కడ కొళాయి నీళ్లతోనే కాసేపటికే పప్పు వెన్నలా అయింది. అమ్మ గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది, నమ్మకం కుదరక ఇంకోటి తీసింది. "ఇవేం నీళ్లు పాపా?" అని అడిగింది.

అప్పుడు చెల్లెలు చెప్పింది. మన్రో కలరాతో పత్తికొండలో పోయింది 1827లో. సరిగ్గా ఐదేళ్లకు, 1832లో, అదే కలరా ఆయన పుట్టిన ఈ ఊరికి వచ్చింది. దాదాపు మూడు వేల మంది చచ్చిపోయారు. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. అప్పుడు జనం తాగేది క్లైడ్ నది నీళ్లు, మురికి బావుల నీళ్లు. చివరికి ఊరి పెద్దలు దూరాన కొండల్లో ఉన్న కాట్రిన్ అనే సరస్సు నుంచి నీళ్లు తేవాలని పట్టుబట్టి, 1859లో తెచ్చారు. 1866లో కలరా మళ్లీ వస్తే వందమంది కూడా పోలేదు. "నేను చదివేది ఇదేనమ్మా" అంది. అమ్మకు చెల్లెలి చదువేమిటో ఆ పప్పు గిన్నె దగ్గరే తెలిసింది. కొళాయి తిప్పి గ్లాసు నిండా పట్టుకుని గుక్క తిప్పుకోకుండా తాగింది.

నాలుగో రోజు

శనివారం. పొద్దున కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం. టికెట్టు లేదు. పైకప్పు నుంచి వేలాడే యుద్ధవిమానం కింద చిన్నోడు, ఒంటిగంటకు మోగే ఆర్గాన్ దగ్గర నా భార్య కదలకుండా కూర్చున్నారు. పక్క పార్కులో 1872లో కట్టిన ఫౌంటెన్ ఉంది. ఊరికి కాట్రిన్ నీళ్లు తెచ్చిన మేయరు పేరు మీద కట్టింది. నీళ్లు తెచ్చినవాడికి గుడిలాంటి ఫౌంటెన్ కట్టారంటే ఈ ఊరి మీద నాకు గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం చెల్లెలు "నాకు పనుంది, సాయంత్రం వస్తా" అంది. ఎక్కడికని అమ్మ అడిగితే నా వైపు చూసింది. చదువుకునే పిల్లలు టర్ములో వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చు. శనివారాలు అది ఒక కేఫ్‌లో చేస్తోంది. నాకు తెలుసు, అమ్మకు చెప్పలేదు. ఇక దాచడం బాగుండదని చెప్పేశాను. అమ్మ ఏమీ అనలేదు. "నాకు టీ తాగాలనుంది, ఆడికే పోదాం" అంది.

ఐదారు బల్లలున్న చిన్న కేఫ్. చెల్లెలు నల్ల ఏప్రాన్ కట్టుకుని, జుట్టు పైకి ముడివేసి, తడిగుడ్డతో ఒక బల్ల తుడుస్తోంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎర్రగా పగిలి ఉంది. సబ్బు నీళ్లు, చలి. అమ్మ విమానాశ్రయంలో పట్టుకుని చూసిన చేతులవే. అమ్మ టీ తాగినంతసేపూ దాన్నే చూసింది. తాగడం అయ్యాక మా నాలుగు కప్పులూ సాసర్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి, కాగితం రుమాలుతో బల్ల తుడిచి, తనే కౌంటరు దాకా తీసుకుపోయి పెట్టింది.

"అమ్మా, నువ్వు చేయకూడదు" అని చెల్లెలు పరుగున వచ్చింది.

"నీకు ఒక పని తగ్గుతాది గదా పాపా" అంది అమ్మ.

ఆ రాత్రి కొబ్బరినూనె వేడి చేసి దాని చేతులకు రాసింది. పని మానేయమని మాత్రం అనలేదు. అంటుందని నేను భయపడ్డాను.

ఐదో రోజు

కాట్రిన్ సరస్సు చూడకుండా పోయేది లేదని అమ్మ తేల్చి చెప్పింది. చిన్న టూరు బస్సులో బయల్దేరాం. ఊరు దాటాక పచ్చిక బయళ్లు, గొర్రెలు, అబర్‌ఫాయిల్ అనే చిన్న ఊరు, ఆ పైన వంపులు తిరిగే కొండదారి. మే నెల కాబట్టి చెట్ల కింద నేలంతా నీలం పూలు పరుచుకుని ఉన్నాయి.

సరస్సు చూడగానే అందరం మాట్లాడటం మానేశాం. రెండు వైపులా కొండలు, మధ్యలో నల్లగా, కదలకుండా నీళ్లు. ఒడ్డున చెత్త లేదు, నాచు లేదు. 1900 నుంచి ఇక్కడ తిరుగుతున్న సర్ వాల్టర్ స్కాట్ అనే ఆవిరి పడవ ఎక్కాం. చెల్లెలు అవతలి ఒడ్డు వైపు చూపించి, నీళ్లు సొరంగంలోకి దిగేది ఆ పక్కనేనని చెప్పింది. అక్కడి నుంచి కొండల్లో తొలిచిన సొరంగాల గుండా, పంపు అనేది లేకుండా, వాలు మీదే నీళ్లు ఊరి దాకా పోతాయి. కట్టిన ఇంజనీరు పేరు బేట్‌మన్ అని చెబితే చిన్నోడు "బ్యాట్‌మ్యానా!" అని ఎగిరి గంతేశాడు. విక్టోరియా రాణి స్వయంగా వచ్చి తూము తెరిచిందట.

నాకు మా ఊరి మే నెల గుర్తొచ్చింది. ట్యాంకరు వచ్చే రోజున బడికి ఆలస్యంగా వచ్చే పిల్లలు, బిందెల వరసలో నిలబడటానికి ఇంటి దగ్గరే ఆగిపోయే ఆడపిల్లలు. హాజరు పట్టీలో ఏ వీధికి ఆ రోజు నీళ్లు వచ్చాయో తెలిసిపోతుంది. ఇదే మాట చెల్లెలితో అన్నాను. "నా ప్రాజెక్టు అదే అన్నా, మన మండలంలో తాగునీళ్లు, బడికి రాని పిల్లలు. నీ హాజరు పట్టీలు కావాలి, ఇస్తావా?" అంది. నేను ఇరవై ఏళ్ల పట్టీలు భద్రంగా దాచుకున్నవాణ్ని. ఇస్తానన్నాను. ఆ పడవ మీద మేమిద్దరం అరగంటసేపు వీధుల పేర్లు, బోర్ల లెక్కలు మాట్లాడుకున్నాం. చిన్నప్పటి నుంచి మేం అంతసేపు మాట్లాడుకున్న గుర్తు నాకు లేదు.

ఆరో రోజు

ఎడిన్‌బరో. రైల్లో గంట లోపే. కోట, ఒంటిగంటకు పేల్చే ఫిరంగి, రాళ్లు పరిచిన పాత వీధి. అందమైన ఊరే. కానీ అమ్మకు మోకాళ్ల నొప్పి, జనం ఎక్కువ, నా మనసు ఇంకా ఆ సరస్సు దగ్గరే ఉంది. ఫొటోలు దిగి సాయంత్రం రైలుకే వచ్చేశాం.

ఏడో రోజు

చివరి రోజు అమ్మ, నా భార్య కలిసి చెల్లెలి వంటగదిలో ఉగ్గాణి చేశారు. బొరుగులు నీళ్లలో ముంచి, అరచేతుల మధ్య పిండి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లారు. మిరపకాయ బజ్జీలు కూడా వేస్తానంది అమ్మ. నూనె పొగకు అలారం మోగితే బిల్డింగంతా కిందికి దిగాలని చెల్లెలు చేతులు పట్టుకుని ఆపింది. దాని ఫ్లాటులో ఉండే నలుగురు అమ్మాయిల్లో ఒకరిది నైజీరియా, ఒకరిది చైనా, ఇద్దరిది ఈ దేశమే. నైజీరియా అమ్మాయి రెండోసారి పెట్టించుకుని, చెల్లెలికి జ్వరం వచ్చినప్పుడు జావ కాచి ఇచ్చింది తనేనని చేతులతో సైగ చేసి చెప్పింది. అమ్మకు ఆ జ్వరం సంగతీ అప్పుడే తెలిసింది. తన ఒడిలో పెట్టుకున్న నువ్వుల ఉండల డబ్బా తీసుకుపోయి ఆ అమ్మాయి అరలో పెట్టింది.

రాత్రి సామాను సర్దుతుంటే అమ్మ ఒక లీటరు సీసా కొళాయి కింద పట్టి, మూత బిగించి, మూతకు టేపు చుట్టి, చీరల మధ్య పెట్టమని నాకిచ్చింది. "మీ నాయనకు" అంది. కాశీకి పోయినవాళ్లు గంగ తెచ్చినట్టే.

విమానాశ్రయంలో చెల్లెలు ఏడవలేదు. అమ్మా ఏడవలేదు. "సీసాలో నూనె అయిపోయిందని ఇంక దాచుకోకు. కొత్తది కింది అరలో పెట్టినా, ముక్కలుండాయి" అని మాత్రం చెప్పింది.

పత్తికొండ

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. నాయన బర్రెలకు గడ్డి వేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాళ్లు కడుక్కోగానే ముందు ఆ సీసా తీసి, గ్లాసులో పోసి ఆయన చేతికిచ్చింది. నాయన కొంచెం పుక్కిట పట్టి, మింగి, "ఉప్పు లేదే" అన్నాడు. మళ్లీ తాగాడు. మిగిలిన నీళ్లు అమ్మ గిన్నెలో పోసి కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టింది. చెల్లెలు వీడియో కాల్లో ఉంది. ఫోను పొయ్యి పక్కన గూట్లో నిలబెట్టమంది.

"ఎంతసేపట్లో ఉడుకుతుందో టైం చూడు అన్నా" అంది. నేను గడియారం చూసి చెప్పాను, ఏడూ పది.